మందు నాకు పనిచేస్తుందా?

హెపటైటిస్ వైరస్ సోకిందని తెలియగానే చాలామంది అడిగే ప్రశ్న ఇదే: "డాక్టరుగారూ, మందు వాడితే నాకు తగ్గుతుందా?" జవాబు మీకున్నది బి వైరసా, సి వైరసా అన్నదాన్నిబట్టి ఉంటుంది.

ముందు సి సంగతి. 2014కు ముందు దీనికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, రైబావిరిన్ మాత్రలే దిక్కు. ఆరు నెలలో, ఏడాదో వాడాలి. జ్వరం, ఒళ్లునొప్పులు, రక్తకణాలు తగ్గిపోవడం, ఖర్చు సరేసరి. ఇంత కష్టపడ్డా అందరికీ నయమయ్యేది కాదు. అందుకే డాక్టర్లు ముందే అంచనా వేసేవారు. వైరస్ 1వ రకమైతే సుమారు సగం మందికే నయమయ్యేది. మన దేశంలో ఎక్కువగా కనిపించే 3వ రకం అంతకంటే బాగా లొంగేది. 12వ వారం రక్తపరీక్షలో వైరస్ కనీసం నూరో వంతుకు దిగకపోతే సాధారణంగా చికిత్స ఆపేసేవారు. ఒకే మందు ఇద్దరిలో వేరువేరుగా ఎందుకు పనిచేస్తుందో 2009లో కొంత తెలిసింది. మన జన్యువుల్లో ఐఎల్ 28 బి అనే చోట ఉండే చిన్న తేడా అందుకు ఒక కారణం.

సోఫోస్‌బువిర్ మాత్రలతో ఈ లెక్కలు చాలావరకు అవసరం లేకుండా పోయాయి. 2015లో హైదరాబాదు కంపెనీలైన నాట్కో, హెటెరో వీటిని మార్కెట్లోకి తెచ్చాయి. మరో మాత్రతో కలిపి 12 వారాలు వాడితే నూటికి 95 మందికి నయమవుతుంది. చిత్రమేమిటంటే, అప్పట్లో బాగా లొంగిన 3వ రకమే, సిర్రోసిస్ కూడా ఉంటే, ఇప్పుడు కాస్త మొండిది. మాత్రలు అయిపోయిన 12 వారాలకు చేసే పరీక్షలో వైరస్ కనబడకపోతేనే నయమైనట్లు. ఆ పరీక్షకు తప్పక రండి.

బి సంగతి వేరు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు రోజూ వేసుకుంటే దాదాపు అందరిలోనూ వైరస్ అణుగుతుంది. అణగడం వేరు, పోవడం వేరు. హెచ్‌బిఎస్ఎజి పరీక్ష నెగెటివ్ కావడం ఏడాదికి నూటికి ఒకరిలో జరిగితే గొప్ప. కాబట్టి రిపోర్టులో ఇంకా 'పాజిటివ్' అని ఉంటే మందు పనిచేయలేదని దిగులు పడకండి. మేము చూసేది వైరస్ డిఎన్ఎ ఎంత ఉందన్నది. మొదట్లో ఎస్‌జిపిటి ఎక్కువగా, డిఎన్ఎ తక్కువగా ఉన్నవారిలో ఫలితం మెరుగ్గా ఉంటుంది. వారి ఒళ్లు తనంతట తాను వైరస్‌తో పోరాడుతోందని అర్థం.

ఏ పరీక్షా ముందుగా చెప్పలేనిది ఒకటుంది: మీరు మాత్ర మానేస్తారా, లేదా అన్నది. ఒంట్లో బాగుందని మానేసేవారున్నారు. పసరు మందుకని మానేసేవారున్నారు. స్వస్థత కూటానికి వెళ్లివచ్చి మానేసేవారూ ఉన్నారు. ప్రార్థన మానమని మేము చెప్పము. మాత్ర మానవద్దనే మా మనవి. బి మందు ఒక్కసారిగా ఆపితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. కొందరిలో కాలేయం పూర్తిగా చెడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఖర్చుకు భయపడి ఆపవలసిన పనిలేదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు. బి ఉన్నవారి భార్యాబిడ్డలకు మాత్రం పరీక్ష చేయించి, లేనివారికి టీకా వేయించండి.

వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి, ముఖ్యంగా మందు మొదలుపెట్టక ముందువి. మా అంచనాకు ఆ మొదటి అంకెలే కావాలి.