కూలికి ఏకాంతవాసం

ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో పెయిన్స్‌హిల్ అనే ఎస్టేటు ఉంది. 18వ శతాబ్దంలో దాని యజమాని చార్లెస్ హామిల్టన్ తోటకు శోభగా ఒక మునిని కుదుర్చుకున్నాడని చెబుతారు. ఏడేళ్లు కుటీరంలోనే ఉండాలి, జుట్టు, గడ్డం, గోళ్లు తీయరాదు, నౌకర్లతో మాట్లాడరాదు. గడువు నిండితే 700 గినీలు, మధ్యలో తప్పితే ఏమీ లేదు. మూడు వారాలకే ఆ ముని సారాయి దుకాణంలో దొరికాడట! ఆ పేదవాణ్ణి నిందించలేను. అతని ఏకాంతం దైవం కోసం కాదు, అతిథుల వినోదం కోసం.

నవ్వు వస్తుంది గాని, మన మస్జిదుల సంగతేమిటి? హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం రమజాను చివరి పది రోజుల ఏతికాఫ్ మొహల్లా అంతటి మీద ఉన్న సున్నత్. ఒక్కరు పాటించినా అందరి బాధ్యత తీరుతుంది. ఎవరూ ముందుకు రాని చోట ఒక బీదవానికి పైకమిచ్చి కూర్చోబెడుతున్నారు. ఏతికాఫ్‌కు కూలి ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ చెల్లవని ముఫ్తీలు చెప్పారు. సాయం చేయదలిస్తే విడిగా చేయండి. దుకాణం మూయలేని అన్నదమ్ములు వంతులు వేసుకోవచ్చు: ఈ ఏడు అన్న, వచ్చే ఏడు తమ్ముడు.