చేసి చూపించే పరీక్ష

కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆవరణలో నీలిట్ కేంద్రం ఉంది. 2011లో పేరు మారక ముందు ఆ సంస్థ డోయెక్‌గా మీలో చాలామందికి తెలుసు. దాని 'ఓ' లెవెల్ విద్యార్థికి సిద్ధాంత పత్రాలు ఒక్కటే చాలవు. కంప్యూటర్ ముందు కూర్చుని ప్రాక్టికల్ కూడా గట్టెక్కాలి.

ఎందుకిలా? నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్షలో గుడ్డిగా టిక్కు పెట్టినా సగటున నూటికి పాతిక వస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు, ప్రశ్నలూ జవాబులూ కట్టలుగా బయట దొరకడం. వాటిని బట్టీపట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి ఉద్యోగంలో సర్వర్ ఆగిపోతే చేతులాడవు. నష్టం అతనితో ఆగదు. నిజంగా నేర్చుకున్నవాడి చేతిలోనూ అదే కాగితం కదా, దాన్నీ ఎవరూ నమ్మరు.

రెడ్ హ్యాట్ సంస్థ నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే లినక్స్ పరీక్ష చూడండి. అభ్యర్థికి నడుస్తున్న సిస్టం ఇచ్చి పనులు చెబుతారు: ఫలానా యూజర్‌ను చేర్చండి, డిస్కులో ఇంత భాగం కేటాయించండి, ఈ సర్వీసును నడపండి. ఇంటర్నెట్ ఉండదు, సిస్టంలోని మాన్యువల్ పేజీలు చదువుకోవచ్చు. ఏ దారిన వెళ్లారని అడగరు. చివరికి సిస్టం ఎలా ఉందో చూసి మార్కులు వేస్తారు. 300కు 210 రావాలి.

అసలు మెలిక వేరే ఉంది. చేసిన పని రీబూట్ తరువాత కూడా నిలవాలి. సర్వీసుకు 'స్టార్ట్' ఆదేశం ఇస్తే ఇప్పుడు మొదలవుతుంది. 'ఎనేబుల్' ఇస్తేనే సిస్టం లేచినప్పుడల్లా దానంతటదే మొదలవుతుంది. మొదటిది మాత్రమే ఇచ్చినవాడికి తెరమీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రీబూట్ చేశాక ఏమీ ఉండదు. కఠినమే, కానీ కరెంటు పోయి వచ్చాక బ్యాంకు సర్వర్ లేవకపోతే, నిన్న బాగానే నడిచిందంటే ఎవరు వింటారు?

అయితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక్క తప్పు దొర్లినా సిస్టం పూర్తిగా లేవకపోవచ్చు. అప్పుడు సరిగా చేసిన మిగతా పనులకూ మార్కులు పోతాయి. ఈ పద్ధతిలో ఇది లోపమేనని నా అభిప్రాయం.

సిస్కో వారి సీసీఐఈ ల్యాబ్ పరీక్ష 1993లో మొదలైంది. తొలినాళ్లలో రెండు రోజులు సాగేది. అభ్యర్థి కట్టిన నెట్‌వర్క్‌ను పరీక్షకుడే కావాలని చెడగొట్టేవాడు, దాన్ని కనిపెట్టి బాగుచేయాలి! 2001 అక్టోబరులో ఎనిమిది గంటల ఒక్కరోజు పరీక్షగా కుదించారు. ఇలాంటి పరీక్షలకు పరికరాలు, పరీక్షకులు, సమయం కావాలి. టిక్కుల పరీక్ష ఇంకా పోకపోవడానికి ఈ ఖర్చే ముఖ్య కారణం.

సాధనకు పాత కంప్యూటర్ చాలు. ఒక పని చేయండి, రీబూట్ చేయండి, అప్పుడు సరిచూసుకోండి.