బండి టకటకమంటోందా?

బోధన్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా చెరకు తోటలే. చెరకు బండ్లు వరుస కట్టి శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోయేవి. ఆ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు పాలు పోయాలన్నా, కూరగాయలు అమ్మాలన్నా, పనికి నిజామాబాద్ పోవాలన్నా చాలా ఇళ్లకు మోటారు సైకిలే దిక్కు. బోధన్ నుండి నిజామాబాద్ సుమారు 25 కిలోమీటర్లు. బండి ఆగితే ఆ రోజు కూలి పోయినట్లే.

మరి రిపేరు డబ్బు ఎక్కడిది? బీడీలు చుట్టిన డబ్బు. సంఘంలో పొదుపు చేసిన డబ్బు. అందుకే బండి సంగతి ఆడవారికీ తెలియాలి.

ఇంజనులో ఒక గొలుసు

వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు అందరికీ కనిపిస్తుంది. ఇంజను లోపల ఇంకో చిన్న గొలుసు ఉంది. దాన్ని టైమింగ్ చైను అంటారు.

ఇంజను పైభాగంలో చిన్న తలుపుల వంటివి ఉంటాయి. అవే వాల్వులు. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిస్తుంది. ఇంకొకటి పొగను బయటికి పంపుతుంది. వాటి కింద పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ కదలికను బట్టి వాల్వులు వేళకు తెరుచుకోవాలి, వేళకు మూసుకోవాలి. ఆ వేళ తప్పకుండా చూసేదే టైమింగ్ చైను.

పాత లూనా, టీవీఎస్ 50 బండ్లకు ఈ గొలుసు లేదు. అవి టూ స్ట్రోక్ బండ్లు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్ బండి. దానికి ఈ గొలుసు ఉంది. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ స్కూటర్లలోనూ ఉంటుంది.

నులక మంచం లాగే

కొత్త నులక మంచం బిగువుగా ఉంటుంది. వాడగా వాడగా కుంగుతుంది. అప్పుడు నులక లాగి బిగిస్తాం. టైమింగ్ చైను కూడా అంతే. అరిగి సాగుతుంది, వదులవుతుంది. టకటకమని చప్పుడు చేస్తుంది. మరీ వదులైతే పళ్ల చక్రం మీద ఒక పన్ను దాటి జారుతుంది. అప్పుడు వాల్వుల వేళ తప్పుతుంది. వాల్వు పిస్టన్‌కు తగిలి వంగిపోవచ్చు. ఇంజను విప్పక తప్పదు. చిన్న ఖర్చు పెద్ద ఖర్చవుతుంది.

గొలుసును బిగువుగా ఉంచే పరికరం పేరు టెన్షనర్. అది రెండు రకాలు.

ఆటోమేటిక్ టెన్షనర్: లోపల స్ప్రింగు ఉంటుంది. గొలుసు వదులైన కొద్దీ అదే ముందుకు నెడుతుంది. వెనక్కి రాకుండా ఆపే ఏర్పాటూ ఉంటుంది. ఎవరూ బిగించనక్కరలేదు. ఇప్పటి బండ్లకు మామూలుగా కంపెనీ ఇచ్చేది ఇదే. కానీ స్ప్రింగు బలం తగ్గినా, ఇరుక్కుపోయినా పని చేయదు. చప్పుడు మొదలవుతుంది.

చేతితో బిగించే టెన్షనర్: ఇందులో ఒక బోల్టు, దాన్ని కదలకుండా పట్టే నట్టు ఉంటాయి. పాడయ్యే భాగాలు తక్కువ. పందెం బండ్లకు దీన్ని వాడేవారు ఉన్నారు. కానీ గొలుసు వదులైనప్పుడల్లా మనిషే బిగించాలి. తక్కువ బిగిస్తే గొలుసు జారుతుంది. ఎక్కువ బిగిస్తే గొలుసూ, దానికి ఆనుకునే పట్టీ తొందరగా అరుగుతాయి. చేయి తిరిగిన మెకానిక్కే దాన్ని సరిగా బిగించగలడు.

ఏది మేలు?

బండిని తరచు మెకానిక్‌కు చూపించే తీరిక ఎందరికుంది? పొద్దున పోయి రాత్రికి వచ్చే ఇంటి బండికి ఆటోమేటిక్కే మేలు. అది పాడైతే ఆ బండికి సరిపోయే కొత్తది వేయించాలి. చవక అని బోల్టు వేయించుకుంటే దాన్ని గుర్తుపెట్టుకుని చూసుకోవాలి. మరిచిపోతే మోసం వస్తుంది.

ఒక మాట. గొలుసు బాగా అరిగిపోతే ఏ టెన్షనరూ కాపాడలేదు. గొలుసే మార్చాలి.

మెకానిక్‌ను ఏం అడగాలి?

చప్పుడు ఎక్కడిది? వాల్వుల సందు పెరిగినా టకటకమంటుంది. ట్యాపెట్ సెట్టింగుతోనే పోతుందేమో ముందు చూడమనాలి. టెన్షనర్ మారిస్తే పాతది చూపించమనాలి. గొలుసు ఎంత అరిగిందో అడగాలి.

ఆయిలు తగ్గినా, మురికి పట్టినా గొలుసు తొందరగా అరుగుతుంది. ఆయిలు మార్చిన తేదీ, మీటరులోని కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. మళ్లీ ఎప్పుడు మార్చాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చదువు వచ్చింది కదా! చదివి చూడవచ్చు.

ఆలోచించండి:

1. మీ ఇంటి బండికి ఆయిలు ఎప్పుడు మార్చారు?
2. మెకానిక్ ఇచ్చిన బిల్లులో ఏమేమి రాసి ఉంది? చదవండి.