పండుగకు ప్రాణం సంకల్పమే

ధనుర్మాసపు తెల్లవారుజాము. తిరుప్పావై సేవాకాలం ముగిసి, భక్తులు పొంగలి ప్రసాదం స్వీకరిస్తున్నారు. ఒక యువభక్తుడు నవ్వుతూ నా దగ్గరకు వచ్చి, ‘స్వామీ, డిసెంబరు 25 అసలు ఏసుక్రీస్తు పుట్టినరోజే కాదట కదా! రోమన్ల సూర్యదేవుడి పండుగకు వాళ్లు తమ పేరు పెట్టుకున్నారట. నిజమేనా?’ అని అడిగాడు.

ఆ వారంలోనే అదే ప్రశ్న మరొకరి నోట విన్నాను. అయితే ఆయన నవ్వలేదు. మా వీధిలో ఎన్నో ఏళ్లుగా నివసిస్తున్న విశ్రాంత ఉపాధ్యాయులు ఆయన, క్రైస్తవులు. ఆయన కుమారుడు క్రిస్మస్ జరుపుకోని ఒక సంఘంలో కొత్తగా చేరాడు. ‘ఈ ఏడు ఇంటిముందు నక్షత్రం కట్టవద్దంటున్నాడు ఆచార్యులు గారూ. అది అన్యుల పండుగట, ఇప్పుడు అంగళ్లవారి పండుగట. మా నాన్నగారి కాలం నుంచి కడుతున్న నక్షత్రం అది. మేము ఇన్నాళ్లూ చేసింది తప్పేనా?’ అని అడుగుతుంటే ఆయన గొంతు వణికింది.

ప్రశ్న ఒక్కటే. ఒకరికది వేడుక, మరొకరికి వేదన. పాఠక మహాశయులారా! పరుల పండుగ సంగతి మనకెందుకని ఈ పుట తిప్పేయకండి. ఈ ప్రశ్నకు మనం చెప్పే సమాధానం ఏదైనా, అది రేపు మన పండుగలకూ వర్తిస్తుంది. కనుక నిదానంగా పరిశీలిద్దాం.

తేదీ ఎక్కడిది?

క్రైస్తవుల నాలుగు సువార్తలలో క్రీస్తు జనన వృత్తాంతం మత్తయి, లూకా సువార్తలలో మాత్రమే కనిపిస్తుంది. ఆ రెండింటిలోనూ నెల లేదు, తేదీ లేదు. సుమారు 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో నివసించిన క్లెమెంట్, తన కాలంలో కొందరు చెప్పుకుంటున్న వేర్వేరు తేదీలను నమోదు చేశాడు. వాటిలో మే నెలలో వచ్చేదొకటి. మూడవ శతాబ్దపు వేదాంతి ఓరిజెన్ అయితే, జన్మదినోత్సవాలు ఫరో, హేరోదు వంటి పాపులకే చెల్లునని తేల్చివేశాడు.

రోమన్ చక్రవర్తి ఆరీలియన్ 274లో ‘అజేయ సూర్యుడు’ అనే దేవతకు రోము నగరంలో ఆలయం ప్రతిష్ఠించాడు. క్రీస్తు జననాన్ని డిసెంబరు 25న పేర్కొన్న ఆధారాలలో మనకు లభించిన అతి ప్రాచీనమైనది 354లో రోములో కూర్చిన ఒక పంచాంగ సంకలనం. విశేషమేమిటంటే, అదే సంకలనంలో మరొకచోట అదే తేదీకి ఆ అజేయ సూర్యుని జన్మదినం కూడా రాసి ఉంది. డిసెంబరు 17న మొదలయ్యే ‘సాటర్నేలియా’ అనే రోమన్ల విందుల పండుగ కూడా ఆ రోజులకు దగ్గరిదే. వీటిని బట్టి, ఈ తేదీ సూర్యారాధకుల నుంచి వచ్చిందని కొందరు చరిత్రకారులు భావించారు.

మరికొందరు పండితులు దీనితో ఏకీభవించరు. క్రీస్తు మాతృగర్భంలో ప్రవేశించినదీ, శిలువపై మరణించినదీ మార్చి 25నేనని కొందరు ప్రాచీన క్రైస్తవులు నమ్మారు. అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కిస్తే డిసెంబరు 25 వస్తుంది. అందుచేత ఆ తేదీ తెచ్చుకున్నది కాదు, లెక్క కట్టినది అని వారి వాదం. ఈ వివాదం ఇంకా తేలలేదు. తేలని విషయాన్ని తేలినట్లుగా చెప్పి నవ్వడం విజ్ఞత కాదు.

అన్యుల ఆచారాలు చేరిన మాట అసత్యమని కూడా అనలేం. ఇంగ్లండులో మతప్రచారానికి వెళ్లిన మెల్లిటస్‌కు పోపు గ్రెగరీ 601లో ఒక లేఖ పంపాడు. అక్కడి ఆలయాలను కూల్చవద్దని, విగ్రహాలను మాత్రం తొలగించి ఆ కట్టడాలను తమ ఆరాధనకు వాడుకోమని, జనానికి అలవాటైన విందులను క్రైస్తవ పర్వదినాలకు మళ్లించమని అందులో సూచించాడు. ఆలయ సేవకుడిగా ఆ లేఖ సంగతి తలచుకున్నప్పుడు నా మనసు కలుక్కుమన్నదని దాచను. అయితే ఒక్కటి గ్రహించాలి. పాత విందు మిగిలింది, దాని ఉద్దేశం మాత్రం మారింది.

నిషేధించినవారూ క్రైస్తవులే

మాస్టారి కుమారుడి ఆక్షేపణ కొత్తది కాదు. గ్రంథంలో లేని పండుగ మనకెందుకని ఇంగ్లండులోని ప్యూరిటన్లు ఏనాడో వాదించారు. అక్కడి పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్ వలసరాజ్యంలో 1659లో, ఆ పండుగ జరిపిన వారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించారు. ఆ చట్టం 1681 వరకు అమలులో ఉంది. స్కాట్లండులో క్రిస్మస్ ప్రభుత్వ సెలవుదినమైనది 1958లోనే. యెహోవా సాక్షులు నేటికీ ఈ పండుగ జరుపుకోరు. అడవిలో చెట్టును నరికి అలంకరించే ఆచారాన్ని యిర్మీయా గ్రంథం పదవ అధ్యాయం నిందించిందని చూపి, క్రిస్మస్ చెట్టును వద్దనేవారూ ఉన్నారు. ఆ అధ్యాయం విగ్రహాల గురించినదని, జర్మన్ల ఇళ్లలో పదహారు, పదిహేడు శతాబ్దాలలో రూపుదిద్దుకున్న ఈ చెట్టుకు దానితో సంబంధం లేదని ఇతరులు బదులిస్తారు.

వద్దనేవారిని మూర్ఖులనడానికి వీల్లేదు. దైవం చెప్పనిది దైవం పేరిట చేయరాదన్న నిష్ఠ వారిది. అటువంటి నిష్ఠాపరులు మన సంప్రదాయాలలోనూ లేకపోలేదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంఘటన చెప్పాలి. 1647 డిసెంబరు 25న కాంటర్‌బరీ పట్టణంలో పండుగ లేదు కనుక అంగళ్లు తెరవవలసిందేనని నగరాధికారి ఆదేశించాడు. జనం తిరగబడ్డారు. తెరిచిన దుకాణాలపై దాడి చేశారు. ఆనాడు పండుగ కోసం అంగడి మూయించడానికి కలహించిన జనం వారసులకు, ఈనాడు పండుగ అంటేనే అంగడి కావడం కాలవైపరీత్యం కాక మరేమిటి?

అంగడి చేతికి చిక్కిన పండుగ

శాంటాక్లాజ్ కథే చూడండి. నేటి టర్కీ దేశంలోని మైరా పట్టణంలో నాలుగవ శతాబ్దంలో నికొలస్ అనే బిషప్ ఉండేవాడు. కట్నం ఇవ్వలేక కుమార్తెల పెళ్లి చేయలేకపోతున్న ఒక పేద తండ్రి ఇంట, రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బంగారు నాణేల మూటలు విసిరాడని ఆయన గురించిన ఐతిహ్యం. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియరాదని మన పెద్దలూ అంటారు కదా! ఆ గుప్తదాత డచ్చివారి ‘సింటర్‌క్లాస్’ అయ్యాడు. 1823లో అమెరికాలో అచ్చయిన ఒక పద్యంతో జింకల బండి ఎక్కాడు. 1863 నుంచి థామస్ నాస్ట్ గీసిన బొమ్మలతో బొద్దుగా తయారయ్యాడు. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలలో చిరునవ్వులు చిందించాడు. చీకటిలో పేరు చెప్పకుండా ఇచ్చినవాడు, వెలుగుల మధ్య సరుకు అమ్మిపెట్టేవాడయ్యాడు.

అంతటితో ఆగలేదు. అమెరికాలో క్రిస్మస్ కొనుగోళ్ల కాలం ‘థ్యాంక్స్ గివింగ్’ పండుగతో మొదలవుతుంది. కొనుగోళ్లకు మరొక వారం కలిసివస్తుందని 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ పండుగనే ఒక వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, పెద్ద గందరగోళమైంది. చివరకు 1941లో నవంబరు నాలుగవ గురువారమని చట్టం చేసి సర్దుకున్నారు. తిథిని బట్టి అంగడి నడవాలి గాని, అంగడిని బట్టి తిథి నడిచిన సందర్భమిది. క్రిస్మస్‌కు నేడు తగిలిన అసలు దెబ్బ ప్రాచీన రోమన్లది కాదు, ఈ అంగడిదే.

మన వాకిలి వైపు చూస్తే

ఇప్పుడు ఆ యువభక్తుడి నవ్వు సంగతికి వద్దాం. అదే కొలబద్దతో మన పండుగను కొలిస్తే ఏమవుతుంది?

మకర సంక్రాంతినాడు ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానదానాలు ఆచరిస్తాం. కానీ సూర్యుడు ఆకాశంలో ఉత్తరానికి మరలేది డిసెంబరు 21 లేదా 22న. సంక్రాంతి వచ్చేది జనవరి 14 లేదా 15న. సుమారు 1,700 ఏళ్ల కిందట ఈ రెండూ ఒకే సమయంలో కలిసి ఉండేవి. అయనచలనం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ వచ్చింది. ‘మీరు ఉత్తరాయణమంటున్న రోజున ఉత్తరాయణం మొదలవడం లేదు కదా’ అని ఎవరైనా నవ్వితే, మన సంక్రాంతి వ్యర్థమవుతుందా? పితృదేవతలకు విడిచిన తిలోదకాలు, పేదలకిచ్చిన కొత్త బియ్యం, పశువులకు చేసిన పూజ అబద్ధమవుతాయా?

అంగడి మాటకొస్తే, మనమూ తక్కువ తినలేదు. అక్షయతృతీయ అంటే దానానికి అక్షయఫలమిచ్చే రోజని పెద్దలు చెప్పారు. నేడు తెల్లవారకముందే బంగారం కొట్ల ముందు వరుసలు కడుతున్నాం. చెరువుమట్టితో చేసి పూజించి మళ్లీ నీటిలో కలపవలసిన వినాయకుణ్ణి, కరగని ప్లాస్టర్‌తో పోసి పొరుగు వీధి విగ్రహం కంటే ఎత్తుగా నిలబెడుతున్నాం.

మరి పండుగను నిలబెట్టేది ఏది? ఏ పూజకైనా ముందు మనం చేసేది సంకల్పం. అందులో మనం ఉన్న దేశం చెబుతాం, సంవత్సరం మొదలు తిథి వరకు కాలం చెబుతాం, గోత్రనామాలు చెప్పి, దేనికోసం ఈ కర్మ చేస్తున్నామో చెబుతాం. దేశకాలాలు చెప్పి ప్రయోజనం చెప్పకపోతే ఆ సంకల్పం పూర్తికాదు. తిథి పాత్ర వంటిది. పాత్ర ఏ కుమ్మరి చేశాడన్నది చరిత్ర. అందులో ఏమి నింపామన్నది ధర్మం.

ఈ దృష్టితో చూస్తే, క్రిస్మస్ జరుపుకోవచ్చునా అన్నదానికి డిసెంబరు 25 పుట్టుపూర్వోత్తరాలు సమాధానం చెప్పలేవు. పశువుల తొట్టిలో పుట్టిన ఒక శిశువును తలచి, ఆ రోజున దిక్కులేనివారికి ద్వారం తెరిచారా లేదా అన్నదే చెబుతుంది. 1914 క్రిస్మస్ నాడు బెల్జియం, ఫ్రాన్స్ యుద్ధభూమిలో అనేకచోట్ల బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాలు విడిచి వచ్చి చేతులు కలిపారు, తమ మృతులను పూడ్చుకున్నారు. ఆ యుద్ధం తర్వాత నాలుగేళ్లు సాగింది నిజమే. కానీ ఆ రోజు తుపాకులు దించినవారెవరూ ఆ తేదీ ఎక్కడిదని అడగలేదు. మన మెదక్‌లోని మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. కరవు రోజులలో చార్లెస్ పోస్నెట్ ఆ నిర్మాణం చేపట్టి, ఆకలిగొన్నవారికి పని కల్పించి అన్నం పెట్టాడని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు.

మాస్టారికి నేను ఇదే విన్నవించాను. ‘మాస్టారూ, మీ నాన్నగారు నక్షత్రం కట్టింది దైవం కోసమైతే అది తప్పు కాదు. మీ అబ్బాయి వద్దన్నదీ దైవం కోసమే అయితే అదీ తప్పు కాదు. మీ పౌలు మహాశయుడు రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగవ అధ్యాయంలో, రోజును పాటించేవారూ పాటించనివారూ ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దన్నాడు కదా’ అన్నాను. ఆయన కాసేపు మౌనంగా కూర్చున్నారు. ‘ఆ మాట నేనే మావాడికి చదివి వినిపించవలసింది. వాడిమీద అరిచాను’ అన్నారు.

ఆ ఏడు ఆ ఇంటిముందు నక్షత్రం వెలగలేదు. కుమారుడు తండ్రి వెంట చర్చికీ వెళ్లలేదు. అయితే ఆ మధ్యాహ్నం తండ్రీకొడుకులిద్దరూ ప్రభుత్వాసుపత్రి ముందు రోగుల బంధువులకు అన్నం పొట్లాలు పంచుతుండగా చూశాను. నక్షత్రానికి, విందుకు కాగల ఖర్చు అదట. ఎవరు ఎవరికి లొంగారని నేను అడగలేదు.

కనుక భక్తజనులారా! డిసెంబరు 25న పొరుగింటి క్రైస్తవ సోదరుడు కనిపిస్తే, తేదీ గురించి వాదించక నిండుమనసుతో శుభం పలకండి. ఆ తర్వాత మూడు వారాలకు సంక్రాంతి వస్తుంది. కొనవలసిన వస్తువుల జాబితా రాయడానికి ముందు ఒక్క నిమిషం ఆచమనం చేసి కూర్చోండి. ఈ పండుగ దేనికోసమని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఆ సమాధానమే మీ సంకల్పం.

స్వస్తి.