ఎలైజా జేన్ పెట్టిన షరతు

వంశచరిత్రలు వ్రాయువారికి ఒక అలవాటు కలదు. మూలపురుషుని ఘనకార్యములు పుటలకొలది నడచును. ఆయన భార్యపేరు మాత్రము వివాహసంవత్సరము ప్రక్కన ఒక్కసారి వచ్చి మరల కానరాదు. అమెరికా పడమటి తీరమునకు తొలుత వలసపోయిన కుటుంబముల చరిత్రలును ఈ దోషమునకు లోబడినవే. వానిలో మిక్కిలి ప్రసిద్ధిగన్నది ఎజ్రా మీకరు చరిత్ర. దానికి మొదలెక్కడ అని వెదకినచో, ఆయన సాహసములయందు గాక, ఆయన భార్య పెండ్లికి ముందు పెట్టిన ఒక షరతునందు కాననగును.

ఎజ్రా 1830లో ఒహైయో రాష్ట్రమున జన్మించి, ఇండియానాపొలిసు పట్టణసమీపమున పెరిగినవాడు. బడిచదువు స్వల్పము. కొంతకాలము ఒక పత్రిక ముద్రణాలయమున చిల్లరపనులు చేసెను. మా వృత్తినుండి తప్పించుకొని బాగుపడినవారి జాబితాలో ఈయనను గూడ చేర్చవచ్చును! ఆ ప్రాంతముననే సమ్నరు అను కుటుంబము నివసించుచుండెను. ఆ యింటి బిడ్డ ఎలైజా జేన్. పెద్దలు సంబంధము కుదుర్చుట గాక, యువతీయువకులు తామే మాటలాడుకొని నిశ్చయించుకొనుట వారి ఆచారము. ఎజ్రా వివాహమాడగోరగా ఆమె సమ్మతించెను. కాని కాపురము సొంత సేద్యభూమి మీదనే యుండవలెనని పట్టుపట్టెను. నగలడుగలేదు, పట్నవాసమడుగలేదు. పరుల భూమిని కౌలునకు దున్నుటకును, తన భూమిని తాను దున్నుకొనుటకును గల భేదము మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1851 మే నెలలో వారి వివాహము జరిగెను.

భూమికై దంపతులు మొదట అయోవాకు పోయిరి. అక్కడి చలికాలము వారిని భయపెట్టెను. అప్పటికి ఆరెగాను దేశమున స్థిరపడువారికి 1850 నాటి శాసనము ఉచితముగ భూమి నిచ్చుచుండెను. క్రొత్తగ వచ్చు దంపతులకు 320 ఎకరములు; అందు సగము భార్యకు ఆమె స్వంతహక్కుగ చెందును. ఆ కాలమున అట్టి నిబంధన యుండుట గమనింపదగిన విషయము. ఆ భూమి ఇచ్చినవారి సొత్తేనా యను ప్రశ్న వేఱొకటి కలదు. దానికి పిదప వత్తుము.

1852 ఏప్రిలులో, కొన్నివారముల పసికందును ఒడిలో నుంచుకొని ఎలైజా ఎద్దులబండి యెక్కెను. రెండువేల మైళ్ల ప్రయాణము. ఆ యేట ఆ బాట పొడవునను కలరా వ్యాపించి యుండెను. దారిప్రక్క గోతులు త్రవ్వి శవములను పూడ్చి సాగిపోవుట నిత్యకృత్యమాయెను. మీకరులు మాత్రము బ్రతికి బయటపడిరి. అందుకు దైవబలముతోపాటు బండిలోని సామగ్రియు కారణమని మా యభిప్రాయము. గోధుమపిండి మూటల నడుమ వెన్న. మొక్కజొన్నపిండిలో చెక్కుచెదరకుండ పొదిగిన గ్రుడ్లు. ఎండబెట్టిన పండ్లు, గుమ్మడి వరుగులు. ఇట్టి సంసారపు నేర్పును ఏ స్మారకస్తంభము మీదను చెక్కరు. అక్టోబరు 1వ తేదీని వారు పోర్టులాండు చేరిరి.

భూమి చేజిక్కుట అంత సులభము కాలేదు. ఒకచోట గుడిసె వేయుట, విడిచిపోవుట, మరొకచోట వేయుట. 1854లో తన తలిదండ్రులును తమ్ముడును అదే బాటను వచ్చుచుండగా ఎజ్రా పర్వతములు దాటి వారి కెదురేగెను. తల్లియు తమ్ముడును త్రోవలోనే మరణించిరి. కడకు 1862లో పుయాలప్ లోయయందు ఒక చిన్న గుడిసెతో కూడిన భూమి దక్కెను. ఎలైజా షరతు నెరవేరుటకు వివాహానంతరము పదునొకండేండ్లు పట్టెను.

ఇక ఆ వేఱొక ప్రశ్న. ఆ లోయ పుయాలప్ జాతివారిది. శాసనము భూమిని పంచుట మొదలిడినప్పుడు వారితో ఒడంబడిక యేదియు జరిగియుండలేదు. 1854 డిసెంబరులో జరిగినదియు వారికి మిగిల్చినది అత్యల్పము. దానిపై తిరుగబడిన నిస్క్వాలీ నాయకుడు లెషైని 1856లో హత్యానేరముపై విచారించినప్పుడు ఎజ్రా జూరీలో నొకడు. పదిమంది దోషి యనిరి. ఎజ్రాయు మరొకడును అంగీకరింపలేదు. అయినను రెండవ విచారణయందు శిక్ష పడి, 1858 ఫిబ్రవరిలో లెషైని ఉరితీసిరి. ఆయనను నిర్దోషిగ ప్రకటించుటకు 2004వ సంవత్సరము రావలసివచ్చెను. తోటి వలసదారుల యెదుట ఎజ్రా అట్లు నిలుచుట సామాన్యధైర్యము కాదు. కాని ఆ జాతివారి లోయలోనే ఆయన పిదప ధనికుడాయెనని చెప్పకున్న మేము సత్యమును దాచినవార మగుదుము.

ఆ ధనము బీరునకు చేదు నిచ్చు హాప్సు తీగవలన వచ్చెను. 1865లో నాటిన కొద్ది వేళ్లు ఇరువదియేండ్లలో లండను వర్తకమువరకు ప్రాకెను. కోతకాలమున దూరదేశములనుండి ఆదిమజాతులవారు పడవలలో వచ్చి కూలికి కాయలు కోసిరి. 1890లో దంపతులకు పెద్ద భవనము లేచెను. మరుసటి యేడే తీగలకు పేనుబంక పట్టెను. ఇతర రైతులకు ఎజ్రా ఇచ్చిన అప్పులు మునిగెను, భూములు పోయెను.

అరువదియేడేండ్ల వయసున ఆయన క్లాండైకు మంచుదేశమునకు ఎండుకూరగాయలమ్మి ధనము గూర్చుకొన పోయెను. కుమారుడు ఫ్రెడ్డు అక్కడనే 1901లో మరణించెను. ఆ వసంతమున వట్టిచేతులతో ఇల్లు చేరిన కొద్దివారములకే ఏబదియేండ్ల వివాహోత్సవము వచ్చెను. సంచిలో బంగారము లేకున్నను ఆమె తనకు బంగారుస్వాగత మిచ్చెనని ఎజ్రా భావించెను. కుమారుని కోల్పోయిన ఆ తల్లి మనస్సున ఏముండెనో ఎవ్వరును వ్రాయలేదు.

1906లో, డెబ్బదియైదేండ్లు నిండినపిదప, ఆయన మరల ఎద్దులబండి కట్టెను. పాతబాట మరుగున పడిపోవుచున్నదని చాటుచు, ఊరూర స్మారకశిలలు నిలిపించుచు, వచ్చినబాటనే తూర్పునకు నడచెను. రాష్ట్రపతి రూజ్వెల్టు సైతము ఆ యెద్దులను చూచెను. దేశము మెచ్చిన కార్యమే. కాని వార్ధక్యమున భార్యను విడిచి ఏండ్లకొలది తిరిగిన భర్తను మేము నిష్కారణముగ పొగడజాలము.

ఎలైజా 1909లో మరణించెను. దాంపత్యము ఏబదియెనిమిదేండ్లు. ఎజ్రా 1928 డిసెంబరు వరకు జీవించి, పుయాలప్‌లోని వుడ్‌బైన్ శ్మశానమున ఆమె సరసనే ఖననమాయెను. తొలి గుడిసె ఎన్నడో శిథిలమై పోయినది. అది యుండిన తావు నేడు ఊరి తోట. అచ్చట గుడిసె గోడపై ఎలైజా ప్రాకించిన ఐవీతీగ, ఇప్పుడు దానికై నిలిపిన స్తంభములను అల్లుకొని యున్నది.