పద్నాలుగు జేబుల సంచి

ఎడిటర్ గారు ఫోనులో చెప్పిన తలకట్టు 'సేవలో నాయకత్వం'. మే 12 నర్సుల దినోత్సవం కాబట్టి దానికి ముందొచ్చే ఆదివారానికి ముఖచిత్ర కథనం. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో పనిచేసే ఏఎన్ఎంల (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్‌ల) మీద రాయాలి, బుధవారం రాత్రికి పేజీలు మూసేస్తారు. ఆ తలకట్టు మీద నాకు పెద్దగా గురి కుదరలేదు. నాయకత్వం అనగానే శాలువా, మైకు, ఫ్లెక్సీ కళ్ళ ముందుకొస్తాయి. ఆరోగ్య ఉపకేంద్రంలో నన్ను పట్టి ఆపేది గోడకు వేలాడే ఒక గుడ్డ సంచి. దాన్ని టిక్లర్ బ్యాగ్ అంటారు.

సంచికి పద్నాలుగు జేబులు. పన్నెండు నెలలకు పన్నెండు. మిగిలిన రెంటిలో ఒకటి టీకాలన్నీ పూర్తయిన పిల్లలది. రెండోది ఊరు విడిచి వెళ్ళినవాళ్ళదీ, చనిపోయినవాళ్ళదీ.

బిడ్డ పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేస్తారు. తల్లీబిడ్డల కార్డు తల్లి చేతికి వెళ్తుంది, దాని కౌంటర్‌ఫాయిల్ ఏఎన్ఎం దగ్గర ఉంటుంది. తర్వాతి టీకా ఏ నెలలో పడాలో ఆ నెల జేబులోకి ఈ కాగితం చేరుతుంది. ఆరు వారాలకు పెంటావాలెంట్ మొదటి డోసు, పది వారాలకు రెండోది, పద్నాలుగు వారాలకు మూడోది. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా, పదహారు నెలలు దాటాక బూస్టర్లు. టీకా పడినప్పుడల్లా కాగితం జేబు మారుతుంది. నెల మొదట్లో ఆ నెల జేబులోని కాగితాలు చూసి రాసుకుంటే డ్యూ లిస్టు తయారు. దాన్ని పట్టుకుని ఆశ కార్యకర్త ఇళ్ళకు వెళ్ళి చెప్పి వస్తుంది. బుధ, శనివారాల్లో టీకాలు. నెలాఖరుకు ఇంకా జేబులోనే ఉన్న కాగితాలు రాని పిల్లలవి.

అసలు పని అక్కడ మొదలవుతుంది. వచ్చినవాళ్ళకు సూది వేయడం చదువుకున్న విద్య. రానివాళ్ళు ఎందుకు రాలేదో తెలుసుకోవడం ఏ శిక్షణలోనూ పూర్తిగా దొరకదు. పోయినసారి సూదికి జ్వరమొచ్చి బిడ్డ రాత్రంతా ఏడ్చి ఉండొచ్చు. పెంటా తర్వాత జ్వరం రావడం మామూలేనని ముందే చెప్పి ఉంటే ఆ తల్లి మళ్ళీ వస్తుంది. చెప్పకపోతే ఆమెతో పాటు పక్కింటి ఆమె కూడా రాదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టాలన్న నియమం రియాక్షన్ వస్తే చూసుకోవడానికి పెట్టింది. నా లెక్కలో ఆ అరగంట కబుర్లకే ఎక్కువ పనికొస్తుంది.

పుట్టింటి సంగతి ఇంకో చిక్కు. తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మనకు ఏ ప్రభుత్వ ఉత్తర్వు కన్నా పాత కట్టుబాటు. మర్రిపాడు మండలంలో అత్తగారింట్లో పేరు నమోదైన పిల్ల కాన్పుకు కొండ అవతల బద్వేలు వైపు వెళ్ళిందంటే ఉపకేంద్రమే కాదు, జిల్లా కూడా మారిపోతుంది. ఇక్కడి ఏఎన్ఎం ఫోను చేస్తే "పుట్టింటికి పొయ్యింది నర్సమ్మా, మూడో నెలలో తీసుకొస్తాం" అంటుంది అత్తగారు. ఆరో వారం, పదో వారం టీకాలు ఆ మూడు నెలల్లోనే పడాలి. అక్కడి నర్సమ్మ వేసిందా, వేస్తే కార్డులో రాసిందా, ఆ కార్డు తిరుగు ప్రయాణంలో బ్యాగులోకి ఎక్కిందా? పనుల కోసం ఊళ్ళు మారే కుటుంబాలకైతే అత్తగారూ ఇంట్లో ఉండదు, తలుపుకు తాళమే.

అలాంటి కాగితాలు ఊరు విడిచినవాళ్ళ జేబులోకి పోతాయి. ఈ ఏర్పాటు మీద నాకొక అభ్యంతరం ఉంది. ఊరు వదిలినవాళ్ళనీ లోకం వదిలినవాళ్ళనీ ఒకే జేబులో వేయమనడం ఎక్కడో ఆఫీసులో కూర్చుని గీసిన పద్ధతి. ఒక కాగితం వెనక ఫోను నంబరు వెతకాలి. మరో కాగితం వెనక ఎందుకు చనిపోయాడో అడగాలి, ఆ ఇంటి గడప మళ్ళీ ఎక్కాలి. రెండింటికీ ఒకే జేబు సరిపోతుందా?

టీకా ఇచ్చే చోట ఏఎన్ఎం తీసుకునే నిర్ణయం ఇంకొకటుంది. తట్టు-రుబెల్లా పొడి మందు. ద్రావకం కలిపాక నాలుగు గంటలే. ఆ తర్వాత ఎన్ని డోసులు మిగిలినా పారేయాలి. చిన్న పల్లెలో ఒక్క బిడ్డే వస్తే? ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరవాలన్నదే నియమం. వృథా లెక్క ఎంత పెరిగిందని పై మీటింగులో అడగనూ వచ్చు. అయినా తెరిచే మనిషిని నాయకురాలు అనడానికి నాకు అభ్యంతరం లేదు. ఎడిటర్ గారి తలకట్టుకు ఇంతవరకు ఒప్పుకుంటాను.

చరిత్ర చెప్పమన్నారు కాబట్టి గబగబా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచన 1946 భోర్ కమిటీ నివేదికది. మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు తిరిగే పద్ధతి మార్చి అన్ని పనులూ చేసే కార్యకర్తలుండాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది. ఏఎన్ఎం నెత్తిన ఇన్ని పనులు పడ్డది అక్కడి నుంచే. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం, 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్. మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం అన్నది జాతీయ కొలత. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక మన రాష్ట్రంలో సచివాలయ ఏఎన్ఎంలు చేరారు. తర్వాత విలేజ్ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలు) వచ్చారు.

ఉదయగిరి అంటే బయటివాళ్ళకు 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన దుర్గం, చెక్క స్పూన్లు. నాకైతే ఈ మెట్ట పేరు చెప్పగానే కలిగిరి మండలం దూబగుంట గుర్తొస్తుంది. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించి రాష్ట్రాన్నే కదిలించారు. దూబగుంట రోశమ్మ పేరు పుస్తకాలకెక్కింది. ఆ ఉద్యమానికి ఊపిరి రాత్రిబడి. పలక పట్టిన ఆడవాళ్ళు లెక్క అడగడం మొదలుపెట్టారు. అలాంటి మెట్టలో నర్సమ్మను 'ఈ సూది దేనికి' అని అడగకుండా చెయ్యి చాపే తల్లి ఉంటుందనుకోను. ఉండకూడదు కూడా.

అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం ఎంత బరువో 2021లో తెలిసింది. మే నెలలో ఇదే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు పనిచేస్తుందన్న ఆనందయ్య మందు కోసం వేల మంది బారులు తీరారు. జూన్ 20న రాష్ట్రమంతా కలిపి ఒక్క రోజులో 13 లక్షలకు పైగా కోవిడ్ డోసులు వేశారు. ఆ రెండింటి మధ్య ఊరూరా జరిగిన మాటలు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఇప్పుడు సంచి అవసరమా అంటే నాకు సందేహమే. ఏఎన్ఎంల ట్యాబుల్లో పనిచేసే అన్‌మోల్ యాప్ 2016లో మొదలైంది మన రాష్ట్రంలోనే. ఈ మధ్య వచ్చిన యూ-విన్‌లో బిడ్డ ఏ ఊళ్ళో టీకా వేయించుకున్నా నమోదవుతుంది. పుట్టింటి చిక్కుకు ఇంతకన్నా మంచి మందు లేదు, ఇక్కడ గుడ్డ సంచి ఓడిపోయిందని ఒప్పుకోవాలి. కానీ ట్యాబులో ఎక్కించి, ఆన్‌లైన్‌లో నింపి, మళ్ళీ రిజిస్టరులో రాయమంటే సాయంత్రాలు ఏమవుతాయి? డ్యూ లిస్టు యంత్రం ఇస్తుంది. తాళం వేసిన ఇంటి పక్కింటికి వెళ్ళి అడిగేది మాత్రం ఆమే.

డబ్బాలో చల్లదనం

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పొద్దున ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ నుంచి తీసి, నాలుగు ఐస్ ప్యాకులున్న క్యారియర్‌లో పెట్టి ఊరికి పంపుతారు. గట్టిగా గడ్డకట్టిన ప్యాకును నేరుగా పెట్టకూడదు, కాస్త చెమర్చాకే. లేకపోతే పెంటా, హెపటైటిస్-బి గడ్డకట్టి పాడవుతాయి. మే నెల ఎండలో వేడికి భయపడతామే తప్ప చలికి కూడా చెడే మందులున్నాయని మనకు తట్టదు. సీసా మీద చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా వాడకూడదు.

పై మెట్లు

అమెరికాలో ప్రజారోగ్య సేవకు యూనిఫాం దళమే ఉంది, 1889 నుంచి. అందులో నర్సులకు నౌకాదళం లాంటి ర్యాంకులు, వాళ్ళ ప్రధాన నర్సుకు రేర్ అడ్మిరల్ హోదా. మన దగ్గర ఏఎన్ఎం పైన హెల్త్ సూపర్‌వైజర్, జిల్లా స్థాయిలో పబ్లిక్ హెల్త్ నర్సింగ్ ఆఫీసర్. 1973లో మొదలైన జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డులను రాష్ట్రపతి అందజేస్తారు. వాటిలో ఏఎన్ఎంలకు, లేడీ హెల్త్ విజిటర్లకు విడి విభాగాలున్నాయి.