పాట – పంపిణీ – హక్కు

పాట పుట్టటం ఒక ఎత్తు, అది జనంలోకి పోవటం మరొక ఎత్తు. మౌఖిక సంప్రదాయంలో ఈ రెండింటికీ మధ్య ఎడం లేదు. పాడినవాడి నోటి నుంచి విన్నవాడి నోటికి పాట చేరింది. గ్రామఫోను రికార్డు వచ్చాక ఆ మధ్యలోకి కంపెనీ ప్రవేశించింది. ఏ పాట రికార్డు కావాలో నిర్ణయించే అధికారం దాని చేతికి పోయింది. 1980లలో క్యాసెట్ ఆ గుత్తాధిపత్యాన్ని కొంత సడలించింది. ఇంటర్నెట్ దాన్ని పూర్తిగా తొలగించిందని ఇవాళ చాలామంది భావిస్తున్నారు. ఇది సగం నిజం మాత్రమే.

స్వతంత్ర గాయకుడు ఇంట్లోనే పాట రికార్డు చేసుకోగలడు. కాని స్పాటిఫై వంటి వేదికకు దాన్ని తానై ఇవ్వలేడు. నేరుగా స్వీకరించే ప్రయోగాన్ని స్పాటిఫై 2018లో మొదలుపెట్టి 2019లో విరమించింది. కనుక మధ్యలో పంపిణీ సంస్థ తప్పదు. ఈ సంస్థల పద్ధతులు ప్రధానంగా మూడు. డిస్ట్రోకిడ్ ఏడాదికింత అని చందా తీసుకుంటుంది, వేదికల రాబడిలో వాటా అడగదు. సీడీ బేబీ ఒక్కొక్క విడుదలకు ఒకేసారి రుసుము తీసుకొని, రాబడిలో 9 శాతం ఉంచుకుంటుంది. రూట్‌నోట్ తన ఉచిత పద్ధతిలో ముందుగా ఏమీ తీసుకోదు, రాబడిలో 15 శాతం ఉంచుకుంటుంది.

పైకి చూస్తే మొదటిదే లాభసాటి. కాని చందా ఆగితే పాటలు వేదికల నుంచి తొలగిపోవచ్చు. అలా పోకుండా ఉండాలంటే ప్రతి విడుదలకూ అదనంగా మరొక రుసుము కట్టాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక కూడా 60 ఏళ్లు అతని పాట మీద హక్కు ఉంటుంది. అన్నేళ్లు చందా కట్టేదెవరు? నెలకొక పాట విడుదల చేసే గాయకుడికి చందా పద్ధతి నప్పవచ్చు. జీవితకాలంలో ఇరవై పాటలు కట్టి, వాటినే ఊరూరా పాడే కళాకారుడికి మాత్రం, కొంత వాటా పోయినా పాట నిలిచే పద్ధతే మేలు. శాతం కంటే ముందు చూడవలసింది పాట ఆయుష్షు.

పైగా శాతాల లెక్క వేసుకునేంత రాబడి చాలామందికి రాదు. స్పాటిఫైలో చందాల, ప్రకటనల సొమ్ము ఒక రాశిగా చేరుతుంది. అందులో హక్కుదారుల భాగాన్ని, మొత్తం మీద ఎవరి పాటను ఎన్నిసార్లు విన్నారన్న నిష్పత్తిలో పంచుతారు. ఒక శ్రోత నెలంతా ఒక్క పల్లె గాయకుడినే విన్నా, అతని చందా నేరుగా ఆ గాయకుడికి చేరదు. 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు అక్కడ అసలు లెక్కే లేదు. బ్యాండ్‌క్యాంప్ దారి వేరు. అక్కడ శ్రోత పాటను కొనుక్కుంటాడు, సంస్థ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది. వందమంది అభిమానులున్న కళాకారుడికి ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇక రచయితలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. పంపిణీ సంస్థ ద్వారా వచ్చేది ప్రధానంగా రికార్డింగుకు చెందిన సొమ్ము. సాహిత్యానికీ, బాణీకీ చెందిన రాయల్టీ వేరు. దాన్ని వసూలు చేసుకోవాలంటే మన దేశంలో ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం ఉండాలి. రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును కవి, స్వరకర్త కంపెనీకి రాసిచ్చినా చెల్లదని 2012 సవరణ చెబుతున్నది. ఒప్పందంలో గడువు రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. అందుకే కొన్ని కంపెనీలు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు చేరుస్తాయి. ఆ రెండు మాటలూ చదవకుండా సంతకం చేయరాదు. పంపిణీకి అనుమతి ఇవ్వటం వేరు, హక్కు బదిలీ చేయటం వేరు.

జానపద గేయాల సంగతి మరింత సున్నితమైనది. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం, నమోదైన ధ్వనిని పోలిన ధ్వని మరెక్కడ వినిపించినా హక్కు కోరుతుంది. తరతరాలుగా జనం పాడుకుంటున్న బాణీని ఒకరు తన సొత్తుగా నమోదు చేస్తే, అదే పాట పాడిన మరో ఊరి కళాకారుడి రాబడికి గండి పడవచ్చు. సమష్టి సృష్టి మీద వ్యక్తి ఆస్తిహక్కు ప్రకటించటమే ఇది. పంపిణీ సంస్థ దరఖాస్తులో ఈ గడిని, ఇటువంటి పాటలకు, ఖాళీగా వదలాలి.

ఒంటరి కళాకారుడు ఇన్ని షరతులు చదివి బేరమాడగలడా? కష్టమే. కాబట్టి ఇది మన సంఘాల పని కూడా. ప్రతి పాటకూ రాసిందెవరో, బాణీ ఎవరిదో, పాడిందెవరో నమోదు చేయాలి. అసలు రికార్డింగు ప్రతిని కళాకారుడి వద్దనే ఉంచాలి. ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించాలి. కథల పోటీలు నడిపే సంఘాలకు ఇది మించిన పని కాదు.